రెసిస్టెన్స్ వచ్చింది

చదివేవాళ్ళకు ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయిన తర్వాత, యాభై దాటినాక. ఒత్తులు ఇప్పటికీ నాకు సరిగా లొంగవు. శ రాయాలో ష రాయాలో తెలియక పెన్సిలు పట్టుకుని కూర్చుండిపోతాను. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీద అన్నం మాడిన రోజులు కూడా ఉన్నాయి. తప్పులు కనపడితే మనసులోనే దిద్దుకుని చదవండి. నేను నిదానంగా రాశాను, మీరూ నిదానంగా చదివితే నాకు సంతోషం.

జువ్వలదిన్నె ముసలమ్మకు పేరే ముసలమ్మ గానీ వయసు నలభై అయిదు దాటలేదు. నెల్లూరు ఆసుపత్రిలో కొత్త నర్సులు చీటీ చూసి “ముసలమ్మ గారూ” అని కేకేస్తే, వార్డులో ఉన్న నిజం ముసలమ్మలందరూ “ఏందమ్మా” అని పలికేవాళ్ళు. ఆమె మొగుడు కామాక్షయ్య, కాలికి ఇనప కడ్డీలు బిగించుకుని పడుకున్న మనిషి కూడా, అది విని పగలబడి నవ్వేవాడు.

కామాక్షయ్య పెద్ద బోటు మీద వేటకు పోయేవాడు. హార్బరులో బోటును గట్టుకు లాగి కడుతుంటే ఇనప తాడు తెగి వచ్చి మోకాలి కింద కొట్టింది. ఎముక తోలు చీల్చుకుని బయటపడింది. నెల్లూరు తీసుకొచ్చి ఆపరేషను చేయించారు. ఎముక అతికే దారిలోనే పడింది. పుండు మాత్రం మానలేదు. మందు మార్చినప్పుడల్లా నాలుగు రోజులు ఎండేది, మళ్ళీ పచ్చగా రసి కారేది.

ఆ వార్డుకు క్యాథరిన్ అని ఒక సిస్టరు వచ్చేది. అందరు నర్సుల మాదిరి సూదులు వేసేది కాదు. ఆసుపత్రిలో చేరినాక రోగులకు అంటుకునే చీము పురుగులు ఎక్కడ నుంచి వస్తున్నాయి, ఏ మందుకు చస్తున్నాయి, ఏ మందుకు చావట్లేదు, అది కనిపెట్టడం ఆమె పని. సన్న పుల్లకు దూది చుట్టుకుని వచ్చి మంచం కమ్మీలు, తలుపు గొళ్ళేలు, సెలైన్ స్టాండ్లు, డాక్టర్ల మెడలో వేలాడే గొట్టాలు, అన్నిటినీ రుద్ది ఆ పుల్లలు సీసాల్లో వేసుకుని పోయేది. కనపడిన వాళ్ళనల్లా చేతులు కడుక్కోమనేది. వార్డంతా ఆమెను చేతుల సిస్టరు అనే పిలిచేవాళ్ళు.

“సిస్టరమ్మా, రోజూ ఈ కమ్మీలు తోమతానే ఉండావు. ఒక పూట మా ఇంటికొచ్చి అంట్లు గూడా తోమిపెట్టకూడదా?” అనింది ముసలమ్మ.

“మీ ఇంట్లో పురుగు దొరికితే తప్పకుండా వస్తా. ముందు చేతులు చూపించండి. కడుక్కున్నారా?”

“కడిగి కడిగి గీతలు అరిగిపోయినాయి. ఇంక సోది చెప్పే ఆమె నా చెయ్యి పడితే ఏం చెప్తాదో ఏమో.”

“దాని చేతులు బాగానే ఉంటాయి సిస్టరూ, కడగాల్సింది నోరు,” అన్నాడు మంచం మీద నుంచి కామాక్షయ్య.

క్యాథరిన్ నవ్వుతానే పుండు మీద కట్టు విప్పి లోపల దూది పుల్ల తిప్పింది. కామాక్షయ్య పళ్ళు బిగబట్టుకున్నాడు. ముసలమ్మ వంగి వంగి చూసింది.

“పురుగు యాడా కనపడలేదే?”

“కంటికి కనపడదమ్మా.”

“కనపడని దాన్ని ఎట్టా పడతావు?”

“తీసుకుపోయి మేత పెట్టి పెంచుతాం. బాగా పెరిగినాక రకరకాల మందు బిళ్ళలు దాని మధ్యలో పెడతాం. ఏ బిళ్ళకు చస్తుందో చూసి ఆ మందు మీ ఆయనకు ఇస్తాం.”

“చంపేదానికి పెంచేదా! కోడిపెట్టను పెంచినట్టే ఉందే,” అనింది ముసలమ్మ. పక్క మంచం దగ్గర కూర్చున్న లిల్లీ కూడా నవ్వింది.

లిల్లీది వెంకటాచలం. హైవే మీద లారీ గుద్దిన కొడుకు ఫ్రెడ్డీని పెట్టుకుని ఉంది. పిల్లవాడికి గొంతులో గొట్టం వేశారు. మాట లేదు, కళ్ళతోనే అన్నీ అడిగేవాడు. ఆ తల్లి పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి మంచం పట్టుకుని ప్రార్థన చేసేది. చివర్లో “పక్క మంచం అన్నను కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా” అనేది. ముసలమ్మ అందుకు బదులుగా తన దగ్గరున్న సొరపుట్టు ఆమెకు పెట్టేది. బాలింతలకూ దెబ్బలు తగిలిన వాళ్ళకూ పెట్టేదది. సొరచేపను ఉడకబెట్టి చిదిపి, వెల్లుల్లి వేసి పొడిపొడిగా చేస్తారు. ఊరి నుంచి తోడికోడలు బస్సులో పంపితే, బయటి తిండి రానివ్వని ఆసుపత్రిలోకి ముసలమ్మ దాన్ని కొంగు కింద దాచి తెచ్చేది. మొగుడు తిన్నాక వరండా చివర చేతులు కడుక్కునే తొట్టిలో గిన్నె తొలిచేది. అందరూ అక్కడే తొలిచేవాళ్ళు.

పుల్ల తీసుకుపోయిన మరునాడు డాక్టరు సుశీల్ కుమార్ ముసలమ్మను వరండాలోకి పిలిచాడు. మంచివాడే. ఒకచోట నిలబడి మాట్లాడే తీరిక లేనివాడు.

“చూడమ్మా, ఇప్పటికే చాలా మందులు వాడాం. ఈ రిపోర్టులో పురుగు ఏదో ఒక మందుకు లొంగితే సరే. లేకపోతే కాలు మోకాలి పైకి తీసేయాలి. ఎముకలో ఉన్నది రక్తంలోకి ఎక్కిందంటే మనిషే దక్కడు. మీవాళ్ళతో మాట్లాడుకోండి.”

ముసలమ్మ తొట్టి దగ్గర నిలబడి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని పోయి మొగుడికి చెప్పింది. కామాక్షయ్య దుప్పటి తొలగించి కాలి కడ్డీల వైపు చూశాడు.

“ఒంటి కాలు వాడిని బోటెక్కనీరు. గట్టు మీద కూర్చుని వలలు బాగు చేసుకుంటా. దానికి చేతులుంటే చాలు. చేతులకు మన సిస్టరు ఉండనే ఉంది గదా. తీసేయమను మే. ఈ నొప్పన్నా పోతాది.”

అట్లా మనసు రాయి చేసుకుని ఇద్దరూ రిపోర్టు కోసం కాచుకున్నారు.

శనివారం సాయంత్రం క్యాథరిన్ వచ్చింది. డ్యూటీ దిగి పోతూ ఉంది, భుజాన సంచి ఉంది. కిందనుంచి ఎవరో ఫోను మీద ఫోను చేస్తున్నారు. ముసలమ్మ ఎదురుపోయింది.

“రిపోర్టు వచ్చిందా సిస్టరమ్మా?”

“వచ్చిందమ్మా. రెసిస్టెన్స్ వచ్చింది. అన్ని మందులకూ రెసిస్టెన్సే. డాక్టరు గారు పొద్దున మాట్లాడతారు.”

క్యాథరిన్ ముసలమ్మ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. సిస్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ ఫోను మోగింది, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ముసలమ్మకు వచ్చిన ఇంగ్లీషు మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇది ఒకటి. కరోనా అప్పుడు బిళ్ళలు పంచే అమ్మాయి ఊరంతా తిరిగి చెప్పిన మాట. గుడ్లు తినండి, మిరియాల కషాయం తాగండి, రెసిస్టెన్స్ పెంచుకోండి, రెసిస్టెన్స్ ఉంటే ఏ జబ్బూ మీ గడప తొక్కదు అని. అప్పటినుంచి జువ్వలదిన్నెలో అదొక ఇంటి మాట అయిపోయింది. వానలో తడిసిన పిల్లవాడు తుమ్మకపోతే “వాడికి రెసిస్టెన్స్ ఉందిలే” అనేవాళ్ళు. ఎండు కట్టె మాదిరి ఉన్న తాత తొంభై ఏళ్ళు బతికితే “ఆ కాలం రెసిస్టెన్స్” అనేవాళ్ళు.

ఆ రెసిస్టెన్స్ వచ్చిందట, అన్నిటికీ. చెప్పిన మనిషి కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంది, తోడబుట్టినదాని మాదిరి.

ముసలమ్మ వార్డులోకి పరిగెత్తింది.

“ఏమయ్యో! నీకు రెసిస్టెన్స్ వచ్చిందంట! అన్నిటికీ వచ్చిందంట!”

“నిజంగానా?”

“చేతుల సిస్టరే చెప్పింది. సొరపుట్టు ఊరికే పోద్దా మరి!”

కామాక్షయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. తన కాలి మీద చెయ్యి వేసి, కడ్డీల మధ్య నుంచి, పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. “ఉండవే, ఉండు. నిన్ను పంపించేయమన్నాను, ఏమీ అనుకోబాక,” అన్నాడు దానితో.

వార్డులో ఆ మాట మంచం మంచానికీ పాకింది. లిల్లీ వచ్చి ముసలమ్మను కావిలించుకుంది. ఆ సాయంత్రం కొడుకు మంచం పట్టుకుని గొంతెత్తి ప్రార్థించింది. “ప్రభువా, కామాక్షయ్య అన్నకు ఇచ్చినట్టే నా బిడ్డకు కూడా రెసిస్టెన్స్ దయచేయి.” చుట్టుపక్కల మంచాల వాళ్ళు ఆమెన్ అన్నారు. ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా అన్నారు.

ఆదివారం పొద్దున కామాక్షయ్య అన్న చంద్రమౌళి ఊరి నుంచి వచ్చాడు. సుశీల్ కుమార్ చేతిలో రిపోర్టు పట్టుకుని వచ్చాడు.

“చూశారుగా, మొత్తం రెసిస్టెంట్. ఇంక ఆలోచించేది లేదు. రేపే కాలు తీసేద్దాం.”

చంద్రమౌళి, ముసలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెసిస్టెన్స్ వచ్చిందని ఈయనే అంటున్నాడు, మళ్ళీ కాలు కోస్తానంటున్నాడు. నయమయ్యేవాడిని కూడా కోస్తేగానీ వీళ్ళకు గిట్టుబాటు కాదేమోనని చంద్రమౌళికి అనిపించింది.

“మేం ఒప్పుకోం సార్,” అన్నాడు.

“ప్రాణానికే ప్రమాదం.”

“మా మనిషి సంగతి మాకు తెలుసు సార్. కాలు ముట్టుకోబాకండి.”

కాలు తీయొద్దని ఏడ్చే కుటుంబాలను ఆ డాక్టరు చాలామందిని చూశాడు. వీళ్ళూ అంతేననుకున్నాడు. ఒకే మాట ఇద్దరి చెవుల్లో రెండు రకాలుగా పడిందని ఆయనకు ఎట్లా తెలుస్తుంది? వద్దన్నట్టు సంతకం పెట్టమన్నాడు. చంద్రమౌళి పెట్టాడు. ముసలమ్మ పక్కన వేలిముద్ర వేసి, బొటనవేలు తృప్తిగా కొంగుకు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం కామాక్షయ్యకు ఒళ్ళు కాలింది. వణికాడు. నర్సు గబగబా సెలైను పెట్టింది. ముసలమ్మ కంగారు పడలేదు. “లోపల రెసిస్టెన్స్ పని చేస్తా ఉండాది. పోరాడేటప్పుడు వేడి పుట్టదా?” అని మొగుడి నుదుటి మీద తడిగుడ్డ వేసి, కొంచెం పుట్టు కలిపి నోట్లో పెట్టింది. రెండు ముద్దలు తిని చాలన్నాడు.

సోమవారం క్యాథరిన్ డ్యూటీకి వచ్చేసరికి ముసలమ్మ మెట్ల దగ్గరే కాచుకుని ఉంది. బావ తెచ్చిన ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం ఆమె సంచిలో కుక్కింది.

“ఏందమ్మా ఇది? సంచంతా వాసన కొడుతుంది!”

“కొట్టనీ. వేయించుకుని తిను. నీ నోటి మాట చల్లగా ఉండాలి.”

“నేనేం చేశాను?”

“రెసిస్టెన్స్ వచ్చిందని నువ్వే గదా చెప్పినావు! అందుకే కాలు తీయొద్దని రాసిచ్చినాం. నువ్వు చెప్పకుంటే ఈ పాటికి కోసేసి ఉందురు.”

క్యాథరిన్ గబుక్కున ఆమె వైపు తిరిగింది. సంచి జారి నెత్తళ్ళు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. ముసలమ్మ వంగి ఏరబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“ముసలమ్మా... వచ్చింది ఆయనకు కాదమ్మా.”

“మరెవురికి?”

“పురుగుకి.”

ముసలమ్మకు అర్థం కాలేదు. క్యాథరిన్ ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. గుండ్రటి గాజు పళ్ళెం, అందులో పల్చగా మీగడ కట్టినట్టు ఏదో పరుచుకుని ఉంది. మధ్య మధ్యలో చిన్న చిన్న తెల్ల బిళ్ళలు.

“ఈ మీగడంతా మీ ఆయన పుండులో పురుగే. ఈ బిళ్ళలు మందులు. మందు పని చేస్తే బిళ్ళ చుట్టూ పురుగు చచ్చి, అద్దంలా ఖాళీ జాగా కనపడాలి. ఎక్కడన్నా కనపడుతోందా?”

ముసలమ్మ ఒక్కో బిళ్ళ మీద వేలు పెట్టి చూసింది. ఎక్కడా ఖాళీ లేదు. మీగడ బిళ్ళల అంచుదాకా వచ్చి ఆనుకుని కూర్చుంది.

“దాన్నే రెసిస్టెన్స్ అంటాం. మందుకు లొంగకుండా పురుగుకి బలం రావడం. అన్ని మందులకూ దానికే బలం వచ్చింది.” క్యాథరిన్ ఫోను మూసేసింది. “నేనే చెప్పినాను ఆ మాట. నా నోటితో నేనే చెప్పి వెళ్ళిపోయినాను.”

ముసలమ్మ అక్కడ నిలబడితే గదా. చెప్పుల్లేకుండానే పైకి పరిగెత్తింది.

“తీసేయండి సార్! కాలు తీసేయండి! మాకు మాట తెలియలా!”

క్యాథరిన్ వెనకే వచ్చి జరిగింది చెప్పింది. సుశీల్ కుమార్ ఆ పూట మాత్రం కదలకుండా ఒకచోట నిలబడ్డాడు. తర్వాత కామాక్షయ్యను ఐసీయూకు మార్పించాడు. మత్తు డాక్టరును పిలిపించాడు. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు. విషం రక్తంలోకి ఎక్కిందనీ, బీపీ నిలబడట్లేదనీ, ఇప్పుడు మత్తు ఇస్తే బల్ల మీదే పోతాడనీ అన్నాడు. మిగిలిన ఆఖరి మందు, అది పని చేయదని రిపోర్టు చెబుతున్నా, ఎక్కించారు. మూత్రం ఆగిపోయింది.

చంద్రమౌళి ఐసీయూ తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. “నేను సంతకం పెట్టినాను గదా సార్, ఆ కాగితం చించేయండి. ఇంకో కాగితం ఇయ్యండి, దేనికైనా పెడతా.”

“ఇంక కాగితాల చేతిలో ఏమీ లేదయ్యా,” అన్నాడు సుశీల్ కుమార్.

ముసలమ్మను లోపలికి పోనిచ్చారు. చేతులు కడిగించి, గౌను తొడిగించి, మూతికి గుడ్డ కట్టి పంపారు. కామాక్షయ్య కళ్ళు సగం తెరిచి ఆ వేషంలో ఆమెను గుర్తుపట్టేదానికి కొంతసేపు తడుముకున్నాడు.

“ఏం మే... పని చేస్తా ఉండాదా, రెసిస్టెన్స్?”

ముసలమ్మ గుడ్డ వెనక పెదాలు కొరుక్కుంది.

“చేస్తా ఉండాదయ్యా. బ్రహ్మాండంగా చేస్తా ఉండాది.”

ఆమె ఆయనతో ఆడిన అబద్ధం అది. అబద్ధమని కూడా అనలేం. ఆ మర్నాడు మధ్యాహ్నానికి కామాక్షయ్య పోయాడు. కడ్డీలు బిగించిన కాలు కాలుగానే ఉంది.

శవాన్ని ఇచ్చేదానికి ఇంకా ఏవో రాతకోతలు ఉన్నాయని చంద్రమౌళిని కిందికి పిలిచారు. ముసలమ్మ మొగుడి తువ్వాలు, దువ్వెన, పుట్టు గిన్నె తెచ్చుకునేదానికి పాత వార్డుకు వచ్చింది. వరండా చివర ఇద్దరు మనుషులు చేతులు కడిగే తొట్టిని గోడ నుంచి పెకలిస్తున్నారు. క్యాథరిన్ పక్కన నిలబడి ఉంది. ముసలమ్మను చూసి దగ్గరకు వచ్చింది, ముట్టుకునే ధైర్యం చాలక ఆగిపోయింది.

“దొరికిందమ్మా. తొట్టి గొట్టం లోపల కాపురం పెట్టింది. మీ ఆయన పుండులోది, ఇదీ ఒకటే.”

ముసలమ్మ ఆ గొట్టం వైపు చూసింది. నల్లగా, జిగటగా ఉంది.

“నేను గిన్నె తొలిచింది అందులోనే.”

“అందరూ తొలిచారమ్మా. అన్నం మెతుకులు, పాలు, పులుసు... దానికి మేత దొరికింది.”

“కుళాయి తిప్పి చేతులు కడిగింది గూడా అక్కడే. నువ్వు కడగమంటే.”

క్యాథరిన్ ఆ గొట్టం వైపే వేలు చూపించింది. “కడగాల్సిందేనమ్మా, కడగక తప్పదు. నీళ్ళు తొట్టిలో పడి గొట్టం లోంచి పురుగు చేతుల మీదికి చిందుతుందని మాకు ముందు తోచలేదు,” అనింది.

“ఇది పీకేస్తే పోతాదా?”

“ఇక్కడ పోతుంది. ఇప్పటికే ఇంకెక్కడికి పాకిందో...” క్యాథరిన్ చేతిలో కొత్త దూది పుల్లల కట్ట ఉంది. “వెతుకుతానే ఉంటాను. ఆ మాట మాత్రం ఇంక ఎవరి దగ్గరా అనను. మందులకు లొంగట్లేదని తెలుగులోనే చెప్తాను. మిగతా వాళ్ళకూ చెప్పాను. ఎంతమంది వింటారో.”

ముసలమ్మ తల ఊపి వార్డు వైపు నడిచింది. తలుపు దగ్గరే లిల్లీ ఎదురొచ్చింది. ఆ మనిషి మొహం వెలిగిపోతా ఉంది. ఐసీయూలో ఏం జరిగిందో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

“అక్కా! నీ కోసమే చూస్తా ఉన్నా! మా ఫ్రెడ్డీకి కూడా వచ్చిందంట! మొన్న గొంతు గొట్టంలో రసి తీసుకుపోయిన దానికి ఇప్పుడే డ్యూటీ డాక్టరు చెప్పిపోయినాడు. ఊపిరితిత్తుల్లో ఉన్నదానికి రెసిస్టెన్స్ వచ్చిందంట, అన్నిటికీ! ప్రభువు నా మాట ఆలకించినాడక్కా. అన్నకు ఎట్టా ఉంది?”

ఫ్రెడ్డీ మంచం మీద నుంచి ఇటే చూస్తున్నాడు. అమ్మ నవ్వు చూసి వాడి కళ్ళు కూడా నవ్వుతున్నాయి.

ముసలమ్మకు ఒక క్షణం అనిపించింది, చెప్పకుండా పోతే బాగుండునని. తమకు కోసేదానికి కాలన్నా ఉండింది. ఊపిరితిత్తులు కోసి పక్కన పెట్టేవి కావు. తెలుసుకుని ఈ తల్లి చేసేది ఏముంది? ఒక పూట సంతోషంగా ఉండనీ. తను ఉండలేదా ఆ శనివారం సాయంత్రం? ఆ సాయంత్రమంతా ఆమెకు కళ్ళ ముందుకు వచ్చింది. వార్డంతా తిరిగి ఆ మాటను పండగ చేసింది తను. ఈ తల్లి చేత దాన్ని దేవుడిని అడిగించింది కూడా తనే.

గిన్నె కింద పెట్టి లిల్లీ రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడే కడుక్కుని వచ్చినట్టుంది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి.

“ఇట్టా వచ్చి కూర్చో లిల్లీ.”

“ఏందక్కా, అట్టా ఉండావు?”

“కూర్చో. ఆ మాట ఏందో నేను చెప్తా. వచ్చింది ఫ్రెడ్డీకి కాదు.”

— కరుణాకుమారి, వయసు అరవై రెండు, ఇప్పుడు ఉండేది వెంకటాచలం.